తాను కొస

సుత్తి రెండోసారి దిగేలోపు తెర్రియె దాన్ని గాలిలోనే పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ అప్పటికే పడిపోయింది. అద్దకపు బల్ల మీద సిడొనీ ఎడమచెయ్యి పరిచి ఉంది, చిటికెనవేలు ఉండాల్సిన తీరులో లేదు. ఇద్దరు జవాన్లు ఆమె భుజాలు నొక్కి పట్టుకున్నారు. ఇరవై రెండేళ్ళ పిల్ల. అరిచే ఓపిక కూడా అయిపోయింది. కొరుక్కున్న పెదవిలోంచి నెత్తురు గడ్డం మీదకి కారుతోంది.

“వదులు,” అన్నాడు సుత్తి ఎత్తిన మనిషి.

“మీరే వదలండి. ఇది అచ్చుల మీద కొట్టమని ఇచ్చిన సుత్తి. ఆడపిల్ల వేళ్ళ మీద కొట్టమని కాదు.”

ఆ మనిషి మెల్లగా వెనక్కి తిరిగాడు. గుర్రపు పోలీసు బ్రిగేడియర్ గాస్పార్ రూవో. ఎత్తూ లావూ సమానంగా పెరిగిన శరీరం. కుడి మణికట్టుకి ఒక తోలుతాడు, దాని చివర బేడీల తాళంచెవి. తుప్పు పట్టిన ఇనుపది, పట్టుకునే చోట మూడు రేకులు. సుత్తి వదిలేసి, ఆ తాళంచెవిని వేలి చుట్టూ గిరగిరా తిప్పుతూ ఎదుటివాణ్ణి ఎగాదిగా చూశాడు. కనిపించింది యాభై అయిదేళ్ళ బక్కమనిషి, వానకి తడిసిన కోటు, మొండికేసిన మోకాలు, చేతికర్ర.

“ఎవరు నువ్వు?”

“బర్నబె తెర్రియె. రాజుగారి బట్టల ఇన్‌స్పెక్టర్ని. రువాన్ నుంచి వస్తున్నాను.”

“బట్టల ఇన్‌స్పెక్టరు గారా.” రూవో జవాన్ల వైపు చూసి కన్ను గీటాడు. “దారి తప్పారండీ. ఇక్కడ చచ్చింది మనిషి, తలగుడ్డ కాదు.”

“ఆ చచ్చిన మనిషే నన్ను రమ్మన్నాడు.”

తెర్రియె జేబులోంచి ఉత్తరం తీశాడు. ఈ బోల్బెక్ కార్ఖానా రంగుల మేస్త్రీ ఊర్స్ కెల్లర్ సోమవారం రాసిన ఉత్తరం అది. స్విట్జర్లాండ్ మనిషి, ముక్కుసూటి రాత. ‘గురువారం పొద్దున ఏడింటికి రండి. బట్ట తాను కొసన వేసే మా పక్కా రంగు ముద్రలు, ఉతికితే పోయే కచ్చా రంగు బట్టల మీద తిరుగుతున్నాయి. ముద్రలు దొంగవి కావు, అసలైనవే. అవి బయటికి ఎలా పోతున్నాయో కనిపెట్టాను. పేర్లు కాగితం మీద పెట్టను.’

గురువారం ఏడింటికి తెర్రియె వచ్చేసరికి కెల్లర్ తల పగిలి గంట దాటింది. అప్పటికే రూవోకి హంతకురాలు కూడా దొరికేసింది.

“చదివి వినిపించండి కావాలంటే,” అన్నాడు రూవో, ఉత్తరం వంక చూడకుండానే. “ఈ పిల్ల మొన్న అందరి ముందూ అతన్ని ‘నీ రంగుల కుండలోనే పడి చావు’ అని తిట్టింది. ఇవాళ శవాన్ని మొదట చూసింది ఇదే. శవం కాలరు మీద నాలుగు నీలం వేళ్ళ గుర్తులున్నాయి. దాని చేతులు చూడండి.”

సిడొనీ చేతులు మోచేతుల దాకా నీలం. తెర్రియెకి అందులో వింతేమీ కనిపించలేదు. అద్దకంలో ఎరుపూ నలుపూ పడ్డాక, ఆకుల్లో పువ్వుల్లో నీలాన్ని కుంచెతో నింపే ఆడవాళ్ళు అరవై మంది ఉన్నారు ఈ కార్ఖానాలో. అందరి చేతులూ అంతే.

“బండి సిద్ధంగా ఉంది,” అన్నాడు రూవో. “రువాన్ జైలుకి తోలేస్తాను. నెల తిరక్కుండా ఉరి.”

“పన్నెండు దాకా ఆగండి.”

“ఎందుకు ఆగాలి?”

“నా సీసపు ముద్ర పడకుండా ఈ గేటు లోంచి పేలిక కూడా బయటికి పోకూడదు. అది రాజుగారి ఆజ్ఞ. ఆ పిల్ల ఒంటి మీదున్నది ఈ కార్ఖానా గుడ్డే. ముద్ర నేనింకా వెయ్యలేదు. ఆ పైన మీ ఇష్టం.”

రూవో నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. “పన్నెండో గంట కొట్టగానే బండి కదులుతుంది. ముద్ర వేసుకుంటారో, ముద్దే పెట్టుకుంటారో.”

తెర్రియె ఆ బండిని కదలనిచ్చే ఉద్దేశంలో లేడు. అతనికి ఒక పాత బాకీ ఉంది, డబ్బుతో తీరనిది. అద్దకపు బట్ట కట్టుకోవడమే నేరమైన రోజుల్లో అతను రువాన్ గేటు దగ్గర కాపలాదారు. ఇరవై ఆరేళ్ళ వయసులో, నడివీధిలో ఒకామె ఒంటి మీది ఎర్రపూల లంగా చింపి మంటలో వేశాడు. వానలో ఆమె లోపలి గుడ్డతో నిలబడి అతని మొహంలోకి చూసింది. మరుసటేడు నిషేధం ఎత్తేశారు. ఆ చూపు మాత్రం అతన్ని వదల్లేదు. ఇప్పుడు సిడొనీ అచ్చం అలాగే చూస్తోంది.

ఆమె వేలికి తన చేతిరుమాలు చీల్చి కట్టు కడుతూ అడిగాడు.

“ఎన్నింటికి చూశావమ్మా?”

“ఆరుకి పావుగంట తక్కువయ్యా. బెల్లు కొట్టకముందే నీలం కుండ తెచ్చుకుందామని రంగుల గదికి వెళ్ళాను. తలుపు తీసుంది. ఆయన కింద పడున్నాడు. తల...”

“మెడ ముట్టుకున్నావా?”

“గడప కూడా దాటలేదు. ఒనెజీమ్ తాత దగ్గరికి పరిగెత్తాను. కాగుల మేస్త్రీ. నా సొంత తాత కాడుగానీ, పెంచింది ఆయనే.”

“ఏం చేస్తున్నాడు ఆయన?”

“కాగుల కింద మంటలు వేసి చేతులు కడుక్కుంటున్నాడు. నన్ను కూచోబెట్టి, పోలీసులకి కబురు చెయ్యమని మనిషిని పంపాడు.”

“కెల్లర్ తలుపు గడియ వేసుకునే పని చేస్తాడా?”

“ఎప్పుడూనూ. తెలిసిన గొంతు వింటే తప్ప తియ్యడు. తను రంగులు కలిపే లెక్క ఎవడెత్తుకుపోతాడోనని భయం.”

తెర్రియె లేచాడు. గుమ్మం దగ్గర రూవో పక్కన ఆగి, చాలా మర్యాదగా అడిగాడు.

“మీకు కబురు ఎన్నింటికి అందింది బ్రిగేడియర్ గారూ?”

“ఆరున్నరకి ఇక్కడున్నాను.”

“లిల్‌బొన్ ఠాణా ఇక్కడికి ఆరు మైళ్ళు. మనిషి బయల్దేరింది ఆరింటికి. పోవాలి, మీరు జీను వెయ్యాలి, రావాలి. ఆరున్నరకి ఎలా వచ్చారు, ఎగురుకుంటూనా?”

“ఈ పక్కనే గస్తీలో ఉన్నాను. దారిలో ఎదురుపడ్డాడు.”

“వానలో గస్తీ. మరి మీ జవాన్ల గుర్రాల కాళ్ళకి తడి బురద ఉంది. మీ గుర్రం కాళ్ళకి ఎండి రాలుతోంది. చాలాసేపటి నుంచీ ఇక్కడి చావిట్లోనే ఉన్నట్టుంది పాపం.”

తిరుగుతున్న తాళంచెవి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది.

“మీ మోకాలు అసలే బాగాలేదు,” అన్నాడు రూవో. “రెండోది కూడా పోగొట్టుకోకండి.”

*

రంగుల గది చిన్నది. శవాన్ని ఇంకా తియ్యలేదు. కెల్లర్ బోర్లా పడి ఉన్నాడు. వెనక తల లోపలికి దిగిపోయింది. ఒక్క దెబ్బతో ఆగలేదు కొట్టినవాడు, పడిపోయాక కూడా కొట్టాడు. నెత్తురు గోడ మీదకి నడుమెత్తు దాకా చిమ్మింది. అద్దకపు సుత్తి ఇంకొకటి మూలన పడుంది, దానికి జుట్టు అంటుకుని ఉంది. తెర్రియె కిటికీ తెరిచి గాలి పీల్చుకుని, మళ్ళీ మోకాలు పట్టుకుని కిందికి వంగాడు.

కాలరు మీద నాలుగు నీలం వేళ్ళు. తెర్రియె చేతికర్ర పట్టుకొచ్చిన జవాను ప్లసీడ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మీసాలు నెరిసిన మనిషి.

“ఇటు రా ప్లసీడ్. సాక్షివి నువ్వు,” అని తెర్రియె వేలు ఉమ్మితో తడిపి ఆ నీలం మీద రుద్దాడు. రంగు చెదిరింది. ఇంకోసారి రుద్దాడు. వేలికంటుకుని వచ్చేసింది, కాలరు తెల్లబడింది.

“పోయిందే,” అన్నాడు ప్లసీడ్.

“పోతుంది. ఇది నీళ్ళలో కలిపిన ఉత్త నీలిమందు పొడి. కుంచె అమ్మాయిల నీలం వేరు. సున్నం, హరిదళమనే పసుపురాయి పొడి వేసి కలుపుతారు. కుండలో ఆకుపచ్చగా ఉంటుంది, గుడ్డకి అంటి గాలి తగిలితే పది లెక్కపెట్టేలోపు నీలమైపోతుంది. ఆపైన బండకేసి బాదినా పోదు. ఆ పిల్లే ఈ మెడ పట్టుకుంటే, ఈ కాలరు చిరిగేదాకా నీలంగానే ఉండేది.”

అలమారులో నీలిమందు బిళ్ళ ఉంది. ఒక అంచున కొత్తగా గీకిన గుర్తు.

“అంటే ఇది పెట్టినవాడికి నీలమంటే నీలమే అనుకోవడం తప్ప పని తెలియదు,” అన్నాడు తెర్రియె. ప్లసీడ్ గుమ్మం బయటికి ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేశాడు.

శవానికి బారెడు దూరంలో పెద్ద జాడీ పగిలి ఉంది. నేల మీద మందపాటి నీళ్ళు, సగం ఎండాయి. రంగు లేదు. పైన కర్ర మీద అద్దకానికి సిద్ధం చేసిన తెల్ల తాను మడతలు మడతలుగా వేలాడుతోంది. నెత్తురు చుక్క లేదు దాని మీద. తెల్లగా, కడిగిన ముత్యంలా ఉంది.

తెర్రియె దాన్ని చేత్తో తడుముతూ పోయాడు. నడిమి మడతలో ఒకచోట గుడ్డ బిరుసుగా తగిలింది, గంజి పెట్టినట్టు. కంటికి ఏమీ కనపడదు. అతను వంగి ఆ బిరుసు చోటుని నాలుకతో అద్దుకున్నాడు.

“కుక్క బట్ట నాకుతోంది చూడండ్రా,” అంది వెనక నుంచి రూవో గొంతు. తలుపు తోసుకుని వచ్చాడు.

నోరు ముడుచుకుపోయింది తెర్రియెకి. వగరు, దాని వెనక వెనిగర్ పులుపు. పటిక నీళ్ళు. మంజిష్ఠ వేరు ఎరుపు గుడ్డని పట్టుకునేది పటిక ఉన్నచోటే. అద్దకంలో అచ్చుతో వేసేది రంగు కాదు, ఈ పటికే. అయితే పటికకి రంగుండదు కాబట్టి, అచ్చు ఎక్కడ పడిందో పనివాళ్ళకి తెలియడానికి అందులో కాస్త కొయ్యరంగు కలుపుతారు. ఆ రంగు తర్వాత కడుగులో పోతుంది. ప్రతి కార్ఖానాలోనూ అంతే. కెల్లర్ కొయ్యరంగు డబ్బా మూత మైనం ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. ఇవాళ్టి జాడీలో ఇంకా కలపలేదన్నమాట.

“జాడీ పగిలినప్పుడు వాడి చేతి మీద పడింది,” అన్నాడు తెర్రియె, లేచి నిలబడి. “చూస్తే ఉత్త నీళ్ళలా ఉన్నాయి. ఈ తానుకి తుడుచుకుని పోయాడు. వాడి చెయ్యి ఇక్కడుంది బ్రిగేడియర్ గారూ. మనకి కనపడటం లేదు, అంతే.”

“తెల్లగుడ్డ చూపించి చెయ్యంటున్నారు. పొద్దున్నే ఆపిల్ సారా పట్టించారా?”

“పన్నెండింటికి చూపిస్తాను.”

*

ఒనెజీమ్ కాగుల ఇంట్లో నాలుగు నడుమెత్తు రాగి కాగులు. ప్రతి దాని మీదా అడ్డంగా కొయ్య రాట్నం. తాను ఆ రాట్నం మీదుగా తిరుగుతూ రంగు నీళ్ళలో మునిగి తేలుతుంది. ముసలివాడు తెర్రియెకి ఒక మగ్గు సారా అందించాడు. నలభై ఏళ్ళుగా తడిబట్ట పిండిన చెయ్యి, మధ్యవేలు పక్కకి వంకరపోయింది.

“పిల్లని కొట్టారటగా,” అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“వేలు విరిచారు. బతికించాలంటే ఈ తానుని మంజిష్ఠ కాగులో ఉడికించాలి తాతా. ఇప్పుడే.”

ఒనెజీమ్ తానుని చూసి, నేల వంక చూశాడు. “దీని మీద పటిక ఎక్కడుందయ్యా? రంగే లేదు.”

“కెల్లర్ కలపలేదు. నేను రుచి చూశాను.”

ముసలివాడు తాను అంచుని వేళ్ళతో నలిపి చూశాడు. తర్వాత, “పటిక గుడ్డలో ఇంకాలంటే మూడు రోజులు గాలికారాలి కదయ్యా. ఇవాళ వేస్తే పాచి రంగు వస్తుంది.”

“ఉరి తప్పించడానికి పాచి రంగు చాలు.”

ఇంకని పటిక పోయేలా పేడనీళ్ళలో ఆడించి, వాగులో జాడించి తెచ్చారు. పది గంటలకి కాగులో దించబోతుంటే ఒనెజీమ్ మొలలోంచి కత్తి తీశాడు. పొట్టిది, వంపు తిరిగింది, తాను కొసలు కత్తిరించేది.

“కొస తీసేసి వేస్తాను. మురికి గజం అది. చేతులన్నీ దానికే తుడుస్తాం, చివర్లో కోసి మంటలో వేస్తాం. ఎప్పుడూ చేసే పనే.”

“వద్దు. కత్తి మొలలో పెట్టు. మొదలూ కొసా మొత్తం వెయ్యి.”

తెర్రియె అది ఇన్‌స్పెక్టరు అలవాటు కొద్దీ అన్నాడు. పూర్తి తాను కానిదాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోడు. అంతకుమించి ఆలోచన లేదు.

పదకొండింటికి కాగు కిందకి వంగి చూస్తే కట్టెలు నిండా పేర్చి ఉన్నాయి. నీళ్ళ అంచున బుడగలు మొదలయ్యాయి. తెర్రియె గబగబా రెండు కట్టెలు బయటికి లాగాడు.

“మరిగిందంటే ఎరుపు చచ్చి మట్టిరంగైపోతుంది. నీకు నేను చెప్పాలా?”

“చెయ్యి వణికిందయ్యా. పిల్ల గురించే ఆలోచిస్తున్నాను,” అన్నాడు ఒనెజీమ్.

పాపం ముసలివాడు అనుకుని, భుజం తట్టాడు తెర్రియె.

పన్నెండుకి పావుగంట ఉందనగా రూవో వచ్చాడు. బయట సిడొనీని బండి చక్రానికి బేడీలతో బిగించి, ఇద్దరు జవాన్లని కాపలా పెట్టి వచ్చాడు. తాళంచెవి వేలి చుట్టూ తిరుగుతూనే ఉంది.

“ఏదండీ చెయ్యి?”

“తిప్పు తాతా.”

రాట్నం కిర్రుమంది. తాను ఆవిర్లు కక్కుతూ పైకి లేచింది. వట్టి గుడ్డకి లేత గులాబి మరక, అంతే. ఒక మడత, రెండో మడత, మూడో మడత. రూవో ఆవులించాడు.

నాలుగో మడతలో చెయ్యి వచ్చింది.

అయిదు వేళ్ళూ, అరచెయ్యీ, కాయలు కాసిన గుర్తులతో సహా, ఎర్రగా. కెల్లరే కాగులోంచి లేచి వచ్చి తనని చంపినవాడి చెయ్యి పరిచినట్టుంది. అరచేతి కిందుగా, మణికట్టు దగ్గర ఇంకొకటుంది. అది ఎరుపు కాదు, నలుపు. పొట్టి కాడ, రెండు పళ్ళు, పైన మూడు రేకులు.

“పటిక ఉన్నచోట మంజిష్ఠ ఎరుపెక్కుతుంది,” అన్నాడు తెర్రియె. గొంతు పెంచలేదు. “ఇనుము ఉన్నచోట నలుపెక్కుతుంది. పులుపు నీళ్ళలో తడిసిన తుప్పు ఇనుమైతే మరీ బాగా. ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి, కొలిచి చూద్దాం.”

తాళంచెవి తిరగడం ఆగిపోయింది. రూవో దాన్ని గుప్పిట్లో దాచుకున్నాడు. ఆ గుప్పిటే అతన్ని పట్టిచ్చింది. అది అతనికీ అర్థమైంది. రెండడుగులు వెనక్కి వేసి తలుపు గడియ పెట్టాడు.

“అసలు ముద్రల ముక్కలు నీ దగ్గరికి వస్తే, నువ్వు వాటిని కచ్చా సరుకువాళ్ళకి చేర్చేవాడివి,” అన్నాడు తెర్రియె. “పోలీసు గుర్రం సంచీని ఎవడు సోదా చేస్తాడు? కెల్లర్ అది కనిపెట్టాడు.”

“చదువుకున్న కుక్కవే,” అన్నాడు రూవో.

మొదటి తన్ను సరిగ్గా మొండి మోకాలి మీద పడింది. తెర్రియె కుప్పకూలాడు. చేతికర్ర ఎగిరి అవతల పడింది. రూవో అతని జుట్టు పట్టి లేపి, కాగు అంచుకేసి మొహం కొట్టాడు. పన్ను విరిగిన చప్పుడు తెర్రియెకి తన తలలోనే వినపడింది. రెండోసారి కొట్టలేదు. కాగు మీదకి వంచాడు. టోపీ నీళ్ళలో పడి మునిగింది. ఆవిరి కళ్ళలోకి కొట్టింది. మొహానికీ నీళ్ళకీ మధ్య బెత్తెడు జాగా ఉంది.

“తాతా,” అని కేక పెట్టాడు తెర్రియె.

ఒనెజీమ్ కదల్లేదు. చేతిలో తెడ్డు ఉంది. కొయ్యలా నిలబడి చూస్తున్నాడు.

తెర్రియె చేతికి అందింది ఆ తానే. చర్మం ఊడొస్తున్నా వదలకుండా, కాలుతున్న గుడ్డని లాగి రూవో కుడిచేతి చుట్టూ రెండు చుట్లు వేశాడు. మంచికాలుతో రాట్నం పిడిని బలమంతా పెట్టి తన్నాడు. రాట్నం తిరిగింది. తోలుతాడు గుడ్డలో చిక్కుకుంది, గుడ్డ చేతిని లాక్కుపోయింది, చెయ్యి రాట్నానికీ, దాన్ని మోసే ఇనుప కమ్మీకీ మధ్య ఇరుక్కుంది. తెర్రియె ఇంకోసారి తన్నాడు. మణికట్టు ఎముక విరిగి చర్మం చీల్చుకు బయటికి వచ్చింది. రూవో పెట్టిన కేకకి బయట గుర్రాలు బెదిరాయి.

ప్లసీడ్ తలుపు పగలగొట్టుకుని వచ్చాడు. నెత్తుటి నోటితో తెర్రియె ఏమీ చెప్పలేకపోయాడు, వేలు చూపించాడు. ప్లసీడ్ తన బ్రిగేడియర్ మణికట్టు నుంచి తాడు తెంపి, తాళంచెవిని గుడ్డ మీది నల్లగుర్తు పైన పెట్టాడు. మూడు రేకులూ మూడు రేకుల మీద కూర్చున్నాయి. పళ్ళ మీద పళ్ళు కూర్చున్నాయి.

“పదేళ్ళుగా నీకు జీను వేశాను,” అన్నాడు ప్లసీడ్ రూవోతో. పొద్దుట నుంచీ దిగమింగుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. తర్వాత మంచిచేతికి సంకెల వేసి బయటికి ఈడ్చుకుపోయాడు. గుమ్మం దగ్గర రూవో తల తిప్పి చూశాడు. తెర్రియె వైపు కాదు, తెర్రియె వెనక్కి.

గంట పన్నెండు కొట్టింది. బయట ఆడవాళ్ళ గోల వినపడుతోంది. ప్లసీడ్ ఆ పిల్ల బేడీలు తీస్తున్నట్టున్నాడు. తెర్రియె కాగు అంచుకి చేరగిలబడి ఊపిరి తీసుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒళ్ళంతా నొప్పిగానే ఉంది. అయినా ఇరవై తొమ్మిదేళ్ళుగా గుండె మీదున్న బరువు కాస్త దిగినట్టనిపించింది.

“తిప్పు తాతా. తాను పూర్తిగా తియ్యాలి. రువాన్ కోర్టుకి కావాలి.”

రాట్నం తిరగలేదు. అప్పుడు గుర్తొచ్చింది తెర్రియెకి, ఈ మనిషి తెడ్డు పట్టుకుని ఊరికే నిలబడ్డ సంగతి. కెల్లర్ తలుపు తీసింది తెలిసిన గొంతుకే అన్న సంగతి. లేచి, తనే పిడి పట్టుకుని తిప్పాడు. మడత తర్వాత మడత వచ్చింది. అంతా వట్టి గులాబి. చివరికి కొస వచ్చింది.

కొస గజంలో ఇంకో చెయ్యి ఉంది.

ఇదీ కుడిచెయ్యే. నలుపు లేదు. హడావిడిగా ఈడ్చింది కాదు, వేలి తర్వాత వేలు తీరిగ్గా తుడిచింది. పనివాడు ఏ చోట తుడవాలో ఆ చోటే తుడిచింది. మధ్యవేలు పక్కకి వంకరపోయి ఉంది.

రూవో నడిమధ్యలో తుడిచాడు, పని తెలియనివాడు కాబట్టి. పని తెలిసినవాడు కొసకి తుడిచాడు. కొసలు కోసేది ఎవరు? ముద్ర ఉన్న కొసల్ని మంటలో వెయ్యకుండా రూవోకి అందించగలిగింది ఎవరు?

“కెల్లర్ కొయ్యరంగు కలపలేదు,” అన్నాడు తెర్రియె మెల్లగా. “రంగు లేదు కాబట్టి బంక నీళ్ళనుకున్నావు.”

ఒనెజీమ్ ఆ చేతి గుర్తు వంకే చూస్తున్నాడు. “నలభై ఏళ్ళయ్యా,” అన్నాడు. “ఒక్కరోజైనా రంగు లేని పటిక చూసి ఎరగను.”

“ఆ పిల్లని ఉరి తీస్తారని తెలిసి కూడా నోరు విప్పలేదు నువ్వు.”

“నేను తలుపే తీయించాను. జాడీ నా మీద పడింది. సుత్తి నాది కాదు. నీలం గుర్తులు వాడు నేను వచ్చేశాక పెట్టాడు. పిల్ల మీదకి వస్తుందని నాకేం తెలుసు?” గొంతులో ఏడుపుంది. చెయ్యి మాత్రం మొల దగ్గరికి పోయింది.

“తాతా!”

సిడొనీ గుమ్మంలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. తెర్రియె నోరు తెరిచేలోపే అతన్ని దాటిపోయి ముసలివాణ్ణి కావిలించుకుంది. నీలం చేతులు రెండూ అతని మెడ చుట్టూ వేసి, విరిగిన వేలి మాటే మరిచి, భుజంలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఒనెజీమ్ ఎడమచేత్తో ఆమె తల నిమిరాడు. కుడిచెయ్యి ఆమె వీపు మీదుగా పైకి వచ్చి, మెడ పక్కన, చెవి కింద ఆగింది. వంపు తిరిగిన కత్తి అందులో ఉంది. ముసలివాడి చెంపల మీద కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. కత్తి వణకడం లేదు.

“ఆ కొస కోసి మంటలో వెయ్యండయ్యా,” అన్నాడు తెర్రియెతో, బతిమాలుతున్నట్టు. “ఎప్పుడూ చేసే పనే.”

“ఏ కొస తాతా?” అంది సిడొనీ, తల ఎత్తకుండానే.